పాఠం మేం నేర్చుకున్నాం, ఫీజు మీరు కట్టండి

దసరాకు ఇంటికొచ్చిన మా మేనల్లుడు సంచీలోంచి సకినాల డబ్బా తీస్తాడనుకున్నాను, పుస్తకం తీశాడు. అరవై నాలుగు పేజీలు, నున్నటి కాగితం, అట్ట మీద పొద్దు గూకే వేళ ఒక వంతెన. రెండు మూడు దేశాల సరిహద్దు దాటిపోయే రోడ్లు, కరెంటు లైన్లు, గ్యాసు పైపుల్లాంటి వాటిని అభివృద్ధి బ్యాంకుల అప్పుతో తయారు చేస్తున్నప్పుడు "నేర్చుకున్న పాఠాలు" అందులో ఉన్నాయి. మొత్తం పదకొండు. ఇట్లాంటి ప్రాజెక్టుల కాగితాలు తయారు చేసే కొలువు అతనిది. ఈ పాఠాలను తెలుగులో రాసిపెట్టమని ఆర్డరు. హన్మకొండలో రిటైరైన తెలుగు పంతులుకు ఇట్లాంటి పనులే తగులుతాయి. పేజీకింత అని ఇస్తారు. పింఛను సంగతి మీకు తెలుసు కనుక కాదనలేదు.

మొదటి పాఠం: ప్రాజెక్టు తయారీ, అంటే కట్టకముందు జరిగే కాగితాల పని, ముందుగానే మొదలుపెట్టాలి. రెండు: భూసేకరణకు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. మూడు: ప్రభావిత ప్రజలతో మొదట్లోనే మాట్లాడాలి. నాలుగు: రెండు ప్రభుత్వాలకూ ఇష్టం ఉండాలి. ఐదోది చదివి, లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. "సరిహద్దుకు రెండు వైపులా పనులు ఒకే కాలానికి పూర్తయ్యేటట్టు చూసుకోవాలి." ఎడ్లబండి చేసే వడ్లాయనకు రెండో చక్రం కూడా ఎక్కించాలని ఎవరూ వర్క్‌షాపు పెట్టి చెప్పలేదు. అయినా ఈ పాఠాలు ఎక్కడో చదివినట్టే అనిపించింది. వయసు మీద పడ్డ లక్షణమనుకుని పని మొదలుపెట్టాను.

ముప్పై రెండేళ్ళు బళ్ళో చెప్పినవాణ్ణి. ఒకే పాఠం వరుసగా మూడేళ్ళు నేర్చుకున్న పిల్లవాణ్ణి మేం ఫెయిలయ్యాడనేవాళ్ళం. అదే పని ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి సీనియర్ కన్సల్టెంట్ అంటారని ఈ వయసులో తెలిసింది.

ప్రక్రియ తెలియని అమాయకులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం చెప్పాలి. ముందు కాన్సెప్టు పేపరు రాస్తారు. దాన్ని చూడటానికి మిషన్ వస్తుంది. మిషన్ అంటే బట్టలు కుట్టేదీ కాదు, మన భగీరథా కాదు. విమానం దిగి వచ్చే ఐదారుగురు. పోతూ పోతూ ఒక జ్ఞాపకపత్రం రాసిపెట్టి పోతారు, మళ్ళీ వచ్చేసరికి తాము ఏమన్నామో తమకే గుర్తుండదు కనుక. ఆ తర్వాత సాంకేతిక సహాయం. అంటే అప్పు ఎట్లా అడగాలో నేర్పడానికి ఇచ్చే డబ్బు. దాంతో డీపీఆర్ అనే సవివర ప్రాజెక్టు నివేదిక, పర్యావరణ నివేదిక, పునరావాస ప్రణాళిక, ఆర్థిక రాబడి లెక్క. మనీలాలో ఉండే ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) ఆ రాబడికి గీసిన గీత 2017కు ముందు 12 శాతం, ఇప్పుడు మామూలుగా 9. ప్రతి ప్రాజెక్టూ ఆ గీతను కొంచెం దాటి ఆగుతుంది, మా బళ్ళో వెనక బెంచీవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ముప్పై ఐదుకూ ముప్పై ఏడుకూ మధ్య ఆగినట్టు. చివరికి అప్పు మంజూరు. వాడుకోని అప్పు మీద కూడా రుసుము కట్టాలి, ఆ బ్యాంకు లెక్కలో ఏడాదికి 0.15 శాతం. కల్లు తాగకముందే ముంతకు కిరాయి.

అన్నిటికన్నా సొగసైన సంగతి వేరే ఉంది. బ్యాంకు సరిహద్దుకు అప్పు ఇవ్వదు. సరిహద్దుకు ఖాతా ఉండదు, పూచీకత్తు పెట్టే ఆర్థిక మంత్రి ఉండడు. కాబట్టి చాలాచోట్ల ఎవరి గడ్డ మీది ముక్కకు వాళ్ళే అప్పు తెచ్చుకుంటారు. నేపాల్‌లోని ఢల్కేబర్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కు లైను వేశారు, ఎవరి వైపు ముక్క వాళ్ళదే. లైను 400 కిలోవోల్టుల (కేవీ)ది. 2016 ఫిబ్రవరిలో ఇద్దరు ప్రధానులు కలిసి స్విచ్చి వేస్తే అందులో పారింది 132 కేవీ. ఢల్కేబర్‌లో సబ్‌స్టేషన్ అప్పటికి తయారు కాలేదు. ఐదో పాఠం అక్కడ పుట్టిందేమోనని అల్లుణ్ణి అడిగాను. "లేదు మామా, అది అంతకు ముందు నుంచే ఉంది" అన్నాడు.

తుర్క్‌మెనిస్తాన్ నుంచి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన పంజాబ్‌లోని ఫాజిల్కాకు దాదాపు 1800 కిలోమీటర్ల గ్యాసు పైపు. పేరు టాపీ. ఏడీబీ దీన్ని 2000ల మొదట్లోనే చంకనెత్తుకుంది. 2015 డిసెంబరులో శంకుస్థాపన. మన పొయ్యి ఇంకా వెలగలేదు. కాసా-1000 అని మరొకటి. కిర్గిజ్, తాజిక్ కొండల్లో ఎండాకాలం మిగిలే 1300 మెగావాట్ల కరెంటును అఫ్గాన్, పాకిస్తాన్‌లకు పంపే లైను. ప్రపంచ బ్యాంకు ఆమోదం 2014లో, కొబ్బరికాయ 2016లో, మధ్యలో 2021లో కాబూల్‌లో సర్కారే మారిపోయింది. అఫ్గాన్ ముక్క ఆగి, 2024లో కదిలింది. నాలుగో పాఠం: రెండు ప్రభుత్వాలకూ ఇష్టం ఉండాలి. ప్రభుత్వమే ఉండాలి అన్నది ఏ పాఠం కిందికి వస్తుందో పుస్తకంలో వెతికాను, దొరకలేదు.

రోడ్డు ఉంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటిన మన లారీలోంచి సరుకును బంగ్లాదేశ్ వైపు బేనాపోల్‌లో దింపి అవతలి లారీకి ఎక్కిస్తారు. ఆ దించుడు ఎక్కించుడు తప్పించడానికి 2015 జూన్‌లో భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ నాలుగూ థింపూలో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మరుసటి ఏడు భూటాన్ ఎగువ సభ వద్దుపొమ్మంది. సంతకాలు చేసిన ఊరు భూటాన్ రాజధానే, గమనించాలి. పెండ్లి జరిగిన ఇంట్లోవాళ్ళే మాకు సంబంధం ఇష్టం లేదన్నట్టు.

న్యాయం చెప్పాలంటే నడిచినవీ ఉన్నాయి. బెంగాల్‌లోని బహరంపూర్ నుంచి బంగ్లాదేశ్‌లోని భేరామారాకు 2013 అక్టోబరులో 500 మెగావాట్ల సామర్థ్యమున్న లైను మొదలైంది, తర్వాత ఆ సామర్థ్యం రెట్టింపయింది. బంగ్లా వైపు ఏడీబీ అప్పు. ఒకరి గ్రిడ్ జ్వరం మరొకరికి అంటకుండా సరిహద్దు దగ్గర కరెంటును ఏసీ నుంచి డీసీ చేసి, మళ్ళీ ఏసీ చేసి పంపుతారు. మంచి పని. పుస్తకంలో దీనికి ఒక పెట్టె కట్టి, ఫోటో పెట్టి, ఒక పేజీ ఇచ్చారు. మిగిలిన అరవై మూడు పేజీలూ పాఠాలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అల్లుడు అరుగు మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని కూచున్నాడు. నాకు బుద్ధి పుట్టి ఒక ప్రాజెక్టు ఇచ్చాను. పరకాల అవతల మా ఊళ్ళో నాకు వరసకు అన్నలిద్దరు. సొంత అన్నదమ్ములు. పెద్దన్న పొలంలో బోరుంది, నీళ్ళున్నాయి. చిన్నన్న మడి గట్టుకు ఇవతల, కాలువ నీళ్ళు ఎక్కవు. గట్టు కింద నుంచి నలభై అడుగుల పైపు వేస్తే చిన్నన్న నాలుగెకరాలు పారుతుంది. నలభై అడుగులంటే ఇరవై అడుగుల ప్లాస్టిక్ పైపులు రెండు, అతికించే సొల్యూషన్ డబ్బా ఒకటి, గడ్డపారతో ఒక పూట పని.

"అల్లుడా, దీన్ని మీ పద్ధతిల తయారు చెయ్యి, చూద్దాం."

"గమ్మత్తుకు అడుగుతున్నవా మామా?"

"లేదు బిడ్డా, సీరియస్‌గనే."

సీరియస్‌గానే మొదలుపెట్టాడు. ముందు పేరు. పెద్దన్న-చిన్నన్న జల అనుసంధాన ప్రాజెక్టు అన్నాను. చిన్నన్న పేరు వెనక వస్తే సంతకం పెట్టడు కనుక రెండు ప్రతులు, ఎవరి ప్రతిలో వాళ్ళ పేరు ముందు. నవ్వకండి, దేశాల ఒప్పందాల్లోనూ ఇదే మర్యాద. తర్వాత మీటింగు ఎక్కడ? పెద్దన్న వాకిట్లో చిన్నన్న కాలు పెట్టడు. చిన్నన్న ఇంట్లో పెద్దన్న చాయ తాగడు. అందుకని ఇద్దరికీ కాని మూడో ఊళ్ళో, అంటే హన్మకొండలో ఒక ఏసీ హాలు. రానూపోనూ ఖర్చులు సాంకేతిక సహాయం కింద.

గట్టు మీద ఒక వేపచెట్టుంది. అది నాదంటే నాదని ఇద్దరూ అంటారు, కొమ్మ కొట్టాలంటే మాత్రం ఇద్దరూ నాది కాదంటారు. దాని వేర్లకు పైపు వల్ల కలిగే ప్రభావం మీద రెండు కాలాల అధ్యయనం, వానాకాలం ఒకటి, యాసంగి ఒకటి. చెట్టు కింద కట్టేసే బర్రె ప్రభావిత వర్గం. ఆ బర్రె తవ్వకం జరిగే మూడు గంటలు ఎక్కడ ఉండాలో తాత్కాలిక పునరావాస ప్రణాళిక. తర్వాత రాజకీయ రిస్కు అధ్యాయం. అసలు గొడవ మా వదినలిద్దరి మధ్యన అని ఊరంతటికీ తెలుసు. అల్లుడు కీబోర్డు మీద చేతులాపి, "యారాండ్లు అని రాయొద్దు మామా. స్థానిక స్థాయిలో సున్నితమైన సంబంధాలు అని రాద్దాం" అన్నాడు. ఈ ఒక్క వాక్యంతో అతనికి జీతం ఎందుకిస్తారో అర్థమైంది.

నీళ్ళ ధర దగ్గర గంటన్నర పోయింది. చిన్నన్న దగ్గర నగదుండదు, వడ్లిస్తానంటాడు. అది కరెన్సీ రిస్కు. సరే, బస్తా లెక్కన అనుకున్నాం. సన్నాలా, దొడ్డువా? సన్నాలకు బోనస్ ఉంటే ఎవరికి చెందాలి? ఇక్కడ చర్చలు వాయిదా పడ్డాయి, మా అక్క చాయ తెచ్చింది. చాయ అయ్యాక తగాదా వస్తే తీర్పు ఎవరిది అన్న ప్రశ్న. పెద్దన్న పరకాల పెద్దమనుషులంటాడు. చిన్నన్న తన అత్తగారూరు హుజూరాబాద్ అంటాడు.

"సింగపూర్‌ల పెడుదాం మామా. న్యూట్రల్ ఉంటది."

పైపు సంగతీ తేలింది. బ్యాంకు గట్టుకు అప్పు ఇవ్వదు గదా, ఎవరి వైపు ఇరవై అడుగులు వాళ్ళే కొనాలి. పెద్దన్న టెండరులో నాలుగంగుళాల పైపు వచ్చింది. చిన్నన్నది రెండున్నర. గట్టు కింద రెండూ కలిసే చోట ఏం చేయాలన్నది అధ్యయనం చేయడానికి మరో మిషన్. అంతా కలిపి గీతలు గీసి చూపించాడు: ఏడేళ్ళు. రాబడి 9.4 శాతం.

"ఈ ఏడేండ్లు చిన్నన్న ఏం పండియ్యాలె?"

"ప్రాజెక్టు లేనప్పటి పరిస్థితి అని ఒక కాలమ్ ఉంటది మామా. అండ్ల ఏస్తం."

ఇదంతా చదివి, చూశారా, పల్లెటూరి మనుషులైతే ఒక పూటలో తేల్చేస్తారు అని చప్పట్లు కొట్టబోయేవాళ్ళు ఆగండి. ఆ పైపు నిజంగానే పడలేదు. మా అన్నలిద్దరూ జానెడు గట్టు కోసం పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. చిన్నన్న ఈ ఏడు కూడా పత్తే పెట్టాడు. తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత మీద కట్టే బ్యారేజీ ఎత్తు 152 మీటర్లా 148 మీటర్లా అని మనమూ మహారాష్ట్రా నాలుగు మీటర్ల కోసం ఏళ్ళ తరబడి చేసిందీ ఇదే పంచాయితీ. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచలో మాట్లాడేదీ తెలుగే, పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టరికాలే. గట్టుకు భాషతో పనిలేదు.

అట్లాగని తయారీయే వద్దందామా? ఆ ముచ్చటా చూశాం. 2016 ఆగస్టులో మహారాష్ట్రతో ఒప్పందం, 2019 జూన్ 21న గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభం. మనీలా లేదు, వాషింగ్టన్ లేదు, జ్ఞాపకపత్రం లేదు. మన దేశపు సంస్థల అప్పే. మూడేళ్ళు కూడా పట్టలేదని గుండెలు చరుచుకున్నాం. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. తయారీ ఎక్కువైతే టాపీ, తక్కువైతే మేడిగడ్డ. నీళ్ళు మీదికొచ్చి చేన్లు మునిగాయని సిరొంచ రైతులు మొత్తుకున్నారు. వాళ్ళ మొత్తుకోలు ఏ పాఠంలోనూ లేదు.

మూడో పాఠం దగ్గరికి వస్తాను. "ప్రభావిత ప్రజలతో మొదట్లోనే మాట్లాడాలి." దీన్ని తెలుగు చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది, మాటలు దొరక్క కాదు.

కొన్నేళ్ళ కింద, రాష్ట్రాల సరిహద్దు దాటే ఒక టవర్ల లైనుకు ప్రజాసంప్రదింపు అని నన్ను దుబాసీగా తీసుకుపోయారు. గోదావరి దిక్కు ఊరు, బడి ఆవరణలో షామియానా. ముందు బల్ల మీద రిజిస్టరు, పక్కన టిఫిన్ పొట్లాల బుట్ట. సంతకం పెట్టినవాళ్ళకే పొట్లం. సంతకం రానివాళ్ళకు సిరా పెట్టె. ఉప్మా చల్లారిపోయింది, వేళ్ళ సిరా పొట్లం కాగితానికి అంటుకుంటోంది. ఇంగ్లీషులో అరగంట మాట్లాడారు, నేను పది నిమిషాల్లో చెప్పాను. అప్పుడు వెనక నుంచి ఒక ముసలామె లేచింది. 

"సారూ, తీగ కింద పత్తి పెరుగుతదంటున్నరు, ఒప్పుకుంట. గని రేపు నా మనుమరాలి పెండ్లికి చేను అమ్మబోతె, తీగ కింది చేను కొనెటోడెవడు? దాని మీద బ్యాంకోడు అప్పిస్తడా?"

ఇంతకన్నా సూటి ప్రశ్న ఏ ఆర్థిక నిపుణుడూ వేయలేడు. టవర్ల లైనుకు భూమిని సేకరించరు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చిన అధికారంతో టవరు నిలబెట్టి తీగ లాగుతారు. పట్టా ఆమె పేరు మీదే ఉంటుంది, విలువే ఉండదు. టవరు కాళ్ళ కింది నేలకు దాని విలువలో 85 శాతం, తీగ కింది నేలకు విలువ తగ్గినందుకు 15 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్రం 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని 200, 30 చేసింది. అంటే ముందిచ్చింది చాలదని వాళ్ళకూ తెలిసింది. ఆ ముసలామెకు మాత్రం షామియానా కిందనే తెలుసు, కాగితం లేకుండా, కన్సల్టెంటు లేకుండా. ఆమెకు అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. దేశానికి కరెంటు కావాలి కదమ్మా అన్నారొకాయన. నేను అదే తెలుగులో చెప్పాను.

నివేదికలో ఏం రాశారో తర్వాత నా చేతికే వచ్చింది. "ఒక మహిళ పంట దిగుబడి గురించి తెలుసుకోగోరారు. వివరణతో సంతృప్తి చెందారు. స్థానికులు ప్రాజెక్టును స్వాగతించారు." సాక్ష్యంగా రిజిస్టరు పేజీలు జతచేశారు, ఉప్మా కోసం వేసిన వేలిముద్రలు. సంతృప్తి చెందిందట! ఎవరు చూశారు? ఎవడు కొలిచాడు? ఆమె నిలబడే ఉంది, మీరు జీపు ఎక్కారు.

ఇంకా ఉంది. పర్యావరణానికి ఎక్కువ హాని చేసే 'ఏ' కేటగిరీ ప్రాజెక్టు అయితే ముసాయిదా పర్యావరణ నివేదికను బోర్డు ఆమోదానికి 120 రోజుల ముందు అందరికీ తెరిచి పెట్టాలని ఏడీబీ 2009 విధానంలో ఉండేది. ప్రభావిత ప్రజలకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలనీ ఉండేది. మంచి రూలు. మిగతా బ్యాంకుల రూళ్ళూ అట్లాంటివే. ఆ ఊళ్ళో మీటింగు మంగళవారం. అక్కడ పంచాల్సిన తెలుగు సారాంశం తెలుగు చేయమని నాకు పంపింది ఆ తర్వాతి శుక్రవారం, కింద మంగళవారం తేదీ వేయమన్న సూచనతో. వేశాను. నేనే వేశాను. పేజీకింత తీసుకున్నాను. లావోస్‌లో నామ్ థెన్ 2 డ్యాము ఉంది, 1070 మెగావాట్లు, ఎక్కువ భాగం థాయిలాండ్‌కు అమ్మకం, 2005లో ప్రపంచ బ్యాంకు ఆమోదం. ఇంత శ్రద్ధగా తయారు చేసిన డ్యాము లేదని చెప్పుకున్నారు. ఆరు వేల పైచిలుకు మంది ఊళ్ళు విడిచారు, నీళ్ళు వదిలే దిగువ ఏటి మీద బతికే లక్ష మందికి పైగా బాధితులయ్యారు. అది చదివినప్పుడల్లా అక్కడా నాలాంటి లావో పంతులు ఒకడు ఉండి ఉంటాడని, తేదీ వేసి ఉంటాడని అనిపిస్తుంది.

మూడో పాఠం నేర్చుకున్నామంటారే, ఎన్నోసారి? ఎవరి చేను మీద?

సరే. బీపీ మాత్ర వేసుకుని పదకొండూ పూర్తి చేసి పంపాను, బిల్లు కూడా పంపాను. వారానికి అల్లుడు ఫోన్ చేశాడు. గొంతు కొంచెం నసుగుతోంది.

"మామా, ఏమనుకోకు. సాఫ్ట్‌వేర్ల ఏస్తె పదకొండు పాఠాల్ల ఎనిమిది పాతయే అని చూపెడుతున్నది. ముందటి రిపోర్టుకు నువ్వే చేసినవట. మాటకు మాట గవే. రిపీటైనదానికి పైసలియ్యరు."

"మరి అవే పాఠాలు మళ్ళ రాసినాయనకు?"

"ఆయనకు పూర్తిగ ఇస్తరు మామా. ఆయన కన్సల్టెంటు గద."

పైసలొచ్చిన మూడింటిలో ఒకటి పదకొండోది. నా తెలుగులోనే ఇస్తున్నాను: "గత ప్రాజెక్టుల నుంచి నేర్చుకున్న పాఠాలను కొత్త ప్రాజెక్టుల తయారీలో విధిగా పాటించాలి."